భూతద్దం పెదనాన్న, రెండో దెబ్బ

పెదనాన్న చేతిలో నాణెం పెట్టడం ఎంత సులువో, దాన్ని తిరిగి రాబట్టుకోవడం అంత కష్టం. కాజేస్తాడని కాదు పాపం. జేబులోంచి భూతద్దం తీసి, ఒక కన్ను మూసి, నాణెం మీద సంవత్సరం కింద ఉండే చిట్టి అక్షరాన్ని పట్టుకుంటాడు. ఇక వెనక క్యూ పెరిగిందా, బస్సు కదిలిందా, కొంప అంటుకుందా అన్నది ఆయనకు అనవసరం. ఊరంతా ఆయన్ను భూతద్దం అంటారు. తమ్ముడి కూతురు, బట్టలు కుట్టి బతికే పిల్ల, మాత్రం వరస కలిపి భూతద్దం పెదనాన్న అంటుంది.

ఆయన వెతికేది రెండో దెబ్బ. నాణెం ఏ టంకశాలలో పుట్టిందో చెప్పే ఆ అక్షరాన్ని పాతకాలంలో అచ్చు మీద మనిషే సుత్తితో కొట్టేవాడు. మొదటి దెబ్బ వంకరపోతే సరిచేసి మళ్ళీ కొట్టేవాడు. పాత అక్షరం పూర్తిగా చావక కొత్తదాని పక్కనుంచి కాస్త తొంగిచూసేది, కుట్టు విప్పి మళ్ళీ కుట్టినా పాత సూది బెజ్జాలు కనబడ్డట్టు. అలాంటిది దొరికితే పెదనాన్నకు ఆ రోజు తిండి అక్కర్లేదు. కానీ నాణెం అచ్చు గుద్దేటప్పుడు మిషన్ కాస్త కదిలినా అక్షరం రెండుగానే కనిపిస్తుంది. అది ఉత్త జారుడు. జారుడును పట్టుకొచ్చి రెండో దెబ్బ అన్నవాడి మొహం ఆయన మళ్ళీ చూడడు. అందుకే ఊళ్ళో ఆయనతో మాట్లాడేవాళ్ళు బాగా తక్కువ.

పెద్దమ్మ బతికున్న రోజుల్లో ఒకసారి అడిగింది, "నా మొహం ఎప్పుడైనా అంత దగ్గరగా చూశారా?" అని.

"నీ మొహం మీద అక్షరం లేదు కదే," అన్నాడు.

ఆ పూట ఆవిడ ఆయనకు అన్నం పెట్టలేదు. ఆ సంగతి ఆయన గమనించనూ లేదు.

పక్కింటాయన పోతే పరామర్శకు వెళ్ళాడు. పోయినాయన భార్య ఆ చివరి ఘడియలు చెప్పుకుని కుళ్ళి కుళ్ళి ఏడుస్తోంది. ఈయన బల్ల మీది గిన్నెలోంచి ఒక నాణెం తీసుకుని కిటికీ దగ్గరకు పోయాడు. కాసేపటికి గొంతు సవరించుకుని, "బాధపడకండమ్మా," అన్నాడు. హమ్మయ్య, మనుషుల్లో పడ్డాడు అనుకున్నారందరూ. "ఇది జారుడే," అని ముగించాడు.

అలాంటి మనిషి తమ్ముడు ఆసుపత్రిలో పడ్డాడు. గడియారాలు బాగుచేసే మనిషి, చేతులు వణకడం మొదలై మంచమెక్కాడు. మందులతో ఇక అయ్యేది లేదని డాక్టరు వరండాలో కూతురికి చెప్పేశాడు. "నాలుగు ముద్దలు లోపలికి పోతే ఉన్నన్నాళ్ళూ కాస్త తెరిపిగా ఉంటాడమ్మా. తినకపోతే ఈ వారం గడవడం కూడా కష్టం." ఆ అమ్మాయికి లోకంలో ఇక మిగిలిన కోరిక ఆ నాలుగు ముద్దలే. ఆయనేమో గోడవైపు తిరిగి పడుకున్నాడు. స్పూను పెదాలకు తగిలితే పళ్ళు బిగించేవాడు. "నన్ను వదిలెయ్యమ్మా," అనేవాడు.

పెదనాన్న వచ్చాడు. ఒంట్లో ఎలా ఉందని అడగలేదు. స్టూలు మీద కూర్చుని నాణెం తీశాడు.

"ఒరేయ్, ఇది చూడు. రెండో దెబ్బ."

తమ్ముడు దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు.

"నీకేం తెలుస్తుందిలే. చిన్నప్పుడూ తెలీదు."

గోడవైపు నుంచి సన్నగా వినిపించింది. "జారుడు."

అప్పట్నుంచీ రోజూ మధ్యాహ్నం అదే రభస. సాయంత్రం కూతురు పని ముగించుకుని వచ్చేసరికి తండ్రి ఇటువైపు తిరిగి ఉండేవాడు, ఒకటి రెండు ముద్దలు మింగేవాడు. మందు పట్టినట్టుందని ఆమె డాక్టరుకు కృతజ్ఞతలు చెప్పుకుంది. కొత్త మందేమీ రాయలేదే అని ఆయన చీటీ తిరగేసి చూశాడు.

ఒకరోజు ఆమె పెందరాళే వచ్చేసరికి వార్డు గుమ్మం దాకా అరుపులు వినిపిస్తున్నాయి.

"అన్నయ్యా, నీకు కళ్ళు పోయాయి."

"నీకు బుర్ర పోయిందిరా."

తండ్రి మోచేతి మీద లేచి రొప్పుతున్నాడు. పెదాలు నల్లబడ్డాయి. నర్సు ఇద్దర్నీ కసురుతోంది. అమ్మాయి పెదనాన్నను వరండాలోకి తీసుకొచ్చింది.

"ఆయనకు మిగిలిందే కాస్త ఊపిరి, పెదనాన్నా. అది కూడా ఆ అక్షరం పాలు చెయ్యాలా?"

"ఇంకా తేలలేదమ్మా," అంటూ ఆయన గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. తమ్ముడు పోతున్నా ఈ మనిషికి అక్షరమే కావాలి. తిన్నగా పాత నాణేల దుకాణానికి వెళ్ళింది. "మా పెదనాన్నకు ఇక నాణేలు అమ్మకండి, మీకు దండం పెడతాను," అంది.

"ఆయనకు అమ్మడం నా వల్లా కావడం లేదమ్మా," అన్నాడు దుకాణం ఆయన. "ఇన్నేళ్ళూ ఖచ్చితమైనది తెమ్మని నా ప్రాణం తీశాడు. ఇప్పుడేమో అరిగిపోయినవి కావాలంటాడు. జారుడో, దెబ్బో ఎవరు చూసినా తేలకూడదట. మొన్న ఒకటిస్తే చూసి వెనక్కి తోసేశాడు."

"ఎందుకు?"

"'ఇది ఇట్టే తేలిపోతుందయ్యా, మావాడికి ఒక్క పూటకు కూడా రాదు' అన్నాడు."

ఆమె ఆ దుకాణం మెట్టు మీదే కూలబడింది. సిగ్గూ ఏడుపూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. పట్టిన మందు ఏదో అప్పటికి అర్థమైంది.

మర్నాడు పని మానుకుని మధ్యాహ్నమే తిండి పట్టుకెళ్ళింది. తండ్రి గొంతు బాగా పడిపోయింది. నాణెం ఆమె వైపు తోశాడు.

"జారుడంటాడు. ఈయనతో నా వల్ల కాదు. కుట్లు చూసే పిల్లవి, నువ్వు చెప్పమ్మా. జారుడా, రెండో దెబ్బా?"

స్టూలు మీదున్న పెదనాన్న జేబు అదిమి పట్టుకున్నాడు. భూతద్దం ఇవ్వలేక ఇచ్చాడు. ఆమె వంగి చూసింది. దుకాణంలో అరిగినవి అయిపోయాయి కాబోలు, అక్షరం వెనక అక్షరం నిక్కచ్చిగా కనబడుతోంది. రెండో దెబ్బే. బతుకంతా దానికోసం కళ్ళు పొడుచుకున్న మనిషి దాన్ని పట్టుకుని జారుడంటున్నాడు.

"నాకేం తేలడం లేదు నాన్నా," అంది. "ఇక్కడ వెలుతురు చాలదు. రేపు మంచం కిటికీ దగ్గరకు జరిపించి చూద్దాం."

తండ్రి ఆ నాణేన్ని తీసుకుని దిండు కింద దాచుకున్నాడు.

"రేపా," అన్నాడు. "అయితే ఆ స్పూను ఇలా తే. ఈయనతో అరవాలంటే ఓపిక కావద్దూ."

పెదనాన్న భూతద్దం లాక్కుని, దాన్ని తుడవాల్సింది పోయి కళ్ళు తుడుచుకున్నాడు. "ఇంత గుడ్డిపిల్ల మనింట్లో ఎలా పుట్టిందిరా? ఎవరి పోలిక?" అని విసుక్కున్నాడు.

"నీ పోలికే," అన్నాడు తమ్ముడు, నోట్లో ముద్దతో.