డబుల్ భుజంగం రెండో ప్రశ్న

భుజంగరావుగారు ఏ ప్రశ్నయినా రెండుసార్లు అడుగుతారు. వినపడక కాదు, మరిచిపోయి అంతకన్నా కాదు. ఒకసారి అడుగుతారు, జవాబు వింటారు, "సరే అప్పా" అని తలూపుతారు. మీరు ఆ సంగతి వదిలేసి హాయిగా ఉన్న సమయంలో ఇంకోచోట ప్రత్యక్షమై మళ్ళీ అదే అడుగుతారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని సామెత. ఈయన దగ్గర అది తలకిందులై, అడిగేవాడికి చెప్పేవాడు లోకువైపోయాడు.

ఆయన భార్య ప్రేమకుమారిగారు ఒకసారి బుద్ధి గడ్డితిని ఆయన్ని బళేపేట బజారుకి గాజులు కొనడానికి తీసుకెళ్ళింది. "ఏమప్పా, ఈ రంగు పోదు గదా?" అనడిగారు ఈయన. "పోయే మాటే లేదు సార్, గ్యారంటీ!" అన్నాడు కొట్టువాడు, చుట్టూ ఉన్న బేరాలకి కూడా వినపడేలా. గాజులు కొన్నారు, సందు చివరిదాకా వచ్చారు. అక్కడ భార్యని నిలబెట్టి ఈయన వెనక్కెళ్ళి, ఖాళీగా ఉన్న కొట్టువాణ్ణి మళ్ళీ అడిగారు. వాడు అటూ ఇటూ చూసి, "నీళ్ళు తగలకుంటే పోదు సార్" అన్నాడు.

"కొనేశాక తెలుసుకుని ఏం లాభమండీ!" అని ప్రేమకుమారిగారు నెత్తి కొట్టుకుంది.

"తెలిసుండాల గదా" అన్నారాయన. ఆ గాజులు ఇప్పటికీ బీరువాలోనే, నీటిచుక్క ఎరగకుండా ఉన్నాయి.

కుందలహళ్ళిలో ఆయన పనిచేసే ఆఫీసులో ఆయనకి డబుల్ భుజంగం అని పేరు. పెట్టినవాడు స్టాన్లీ. పక్కసీటే కాబట్టి దెబ్బలు ఎక్కువ తిన్నవాడూ అతనే. భుజంగరావుగారు కుర్చీలోంచి లేస్తే చాలు, "అదిగో, రెండోది బయల్దేరింది, తలుపులేసుకోండి!" అని కేకపెట్టేవాడు. ఆయన ఆ ఆఫీసులో చేరి చాలా ఏళ్ళయిన సందర్భంగా కేకు కోయించినప్పుడు, దానిమీద ఆయన పేరు రెండుసార్లు రాయించాడు. భుజంగరావుగారు మురిసిపోయి, "నాకేనా?" అని రెండుసార్లు అడిగారు.

ఆ ఆఫీసువాళ్ళు తయారుచేసేది ఒక వెబ్ ఫ్రేమ్‌వర్క్. అంటే వెబ్‌సైట్లు కట్టుకునేవాళ్ళకి పునాదులూ గోడలూ ముందే పోసిచ్చే సరుకు. దానిమీద స్కూళ్ళూ, సంఘాలూ, రక్తపరీక్షల క్లినిక్కులూ తమ సైట్లు కట్టుకున్నాయి. ఏ మార్పు బయటికెళ్ళాలన్నా చివర్లో భుజంగరావుగారు 'సరే' అనాలి. అక్కడే అందరికీ తల ప్రాణం తోకకొచ్చేది. అంతా సిద్ధమై, క్లయింటుకి మాటిచ్చి, కాస్త ఊపిరి పీల్చుకునే వేళకి ఆయన మేనేజర్ హేమంత్‌కుమార్‌కి ఫోన్ చేసి, "నాకేంటికో మనసొప్పలేదప్పా, ఆపుదాం" అనేవారు. కారణం అడిగితే చెప్పరు. చాదస్తానికి కారణం ఏముంటుందని అందరూ అడగడం కూడా మానేశారు.

ఆ ఆఫీసులోకి వర్షిణి కొత్తగా వచ్చింది. గద్వాలమ్మాయి. చురుకైనది, భయస్తురాలు కూడా. ఉద్యోగం ఇంకా పక్కా కాలేదు. సోమవారం రివ్యూలో ఉంచేదీ పంపేదీ తేలుతుందనగా ఫ్రేమ్‌వర్కులో ఒక తప్పు బయటపడింది.

ఎవరో మంచివాడు బయటినుంచి ఉత్తరం రాశాడు. క్లినిక్ సైట్లో రిపోర్టు పేరు అడిగే గడిలో కొన్ని వంకర గుర్తులు కలిపి కొడితే, వేరేవాళ్ళ రిపోర్టులు తెరుచుకుంటున్నాయని. ఎవరి స్కానింగో, ఎవరి రక్తపరీక్షో, అడ్డమైనవాడూ చూడొచ్చన్నమాట. సరిచేసే పని వర్షిణికి అప్పగించారు. ఆ గుర్తులు కనబడితే లోపలికి రానివ్వకుండా ఆమె కాపలా పెట్టింది. బాగానే ఉందనుకుంది. శుక్రవారం మీటింగుకి కాస్త ముందు, ఎందుకో అనుమానమొచ్చి, అవే గుర్తుల్ని మారురాతలో, అంటే ముసుగేసి, పంపి చూసింది. కాపలావాడు ముసుగుని చూసి దారిచ్చాడు. లోపలికెళ్ళాక ఫ్రేమ్‌వర్కే స్వయంగా ముసుగు తీసి, రిపోర్టు చేతిలో పెట్టింది.

ఎవరికి చెప్పాలా అని చుట్టూ చూసింది. అంతలో మీటింగు మొదలైంది.

గోడమీద తెరలో క్లయింటు మనుషులు వరసగా కూర్చున్నారు. "వర్షిణీ, స్టేటస్?" అన్నాడు హేమంత్‌కుమార్.

"డన్ సార్. టెస్టింగ్ కూడా అయిపోయింది."

ఆ మాట ఆమె అనాలనుకుని అన్నది కాదు. అంతమంది చూస్తుంటే నోరు దానంతటది అనేసింది.

భుజంగరావుగారు మూలనుంచి, "అయిందామ్మా?" అన్నారు.

"అయింది సార్."

"సరేమ్మా."

స్టాన్లీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఒకటి" అన్నాడు. అందరూ నవ్వారు. వర్షిణి కూడా నవ్వింది. కానీ మొహం తెలియని ఒకావిడ తన రిపోర్టు ఎవరూ చూడరన్న ధీమాతో ఆ గడిలో పేరు కొడుతున్నట్టు అనిపించింది ఆమెకి.

మీటింగయ్యాక గేటు బయట దర్శిని హోటల్లో, నిలబడి తాగే బల్ల దగ్గరికి వెళ్ళింది. వెనకాలే భుజంగరావుగారు వచ్చారు. "వన్ బై టూ కాఫీ" అని చెప్పి, సగం కాఫీ ఉన్న ఒక గ్లాసు ఆమె ముందుకి జరిపారు. ఆమె మొహం వైపు చూడలేదు. ఎదురుగా రోడ్డుమీద బస్సుల్ని చూస్తూ అడిగారు.

"అయిందామ్మా?"

అయింది అనడానికే నోరు తెరిచింది. అక్కడ తెర లేదు, క్లయింటు లేడు, నవ్వేవాళ్ళు లేరు. "కాలేదు సార్" అంది. అని ఏడ్చేసింది.

ఆయన ఆమె ఏడుపు తగ్గేదాకా బస్సుల్నే చూశారు. "ఏడ ఆగింది?"

చెప్పింది. విని, "గేటుకాడ సంచి చూసినావు, బాగుంది. సంచిలో డబ్బా ఉండాది, డబ్బాలో ఇంకో పొట్లం ఉండాది. అన్నీ విప్పినంక చూడాల గదా? ముందు ముసుగంతా తీసెయ్. తీసేదానికి ఇంకేమీ లేదన్నప్పుడు కాపలా పెట్టు. ఎన్నాళ్ళు పడ్తాది?" అన్నారు.

"సోమవారం పొద్దున్నకి చేస్తాను సార్. కానీ ఇవాళ సాయంత్రమే రిలీజ్..."

ఆయన ఫోన్ తీశారు. "హేమంతప్పా, నాకేంటికో మనసొప్పలేదు. సోమవారం దాకా ఆపుదాం."

ఫోన్లోంచి వచ్చిన కేకకి కాఫీ పోసేవాడు కూడా ఇటు తిరిగాడు. "సార్! మీ చాదస్తంతో మమ్మల్ని చంపుతున్నారు సార్! క్లయింటుకి ఏం మొహం చూపించను?" భుజంగరావుగారు ఫోన్ని చెవికి కొంచెం దూరంగా పట్టుకుని, కాఫీ పూర్తిచేసి, "నాదే తప్పప్పా. ఏం చేద్దాం, నా బుద్ధి అట్లాంటిది" అని పెట్టేశారు.

ఇన్నాళ్ళూ అందరితో కలిసి తను నవ్విన చాదస్తం ఇదేనా అనుకుంది వర్షిణి.

అన్నట్టే పని పూర్తయింది. ముసుగుమీద ముసుగేసి పంపినా కాపలా నిలబడింది. సోమవారం మీటింగులో హేమంత్‌కుమార్ మొహం మాడ్చుకుని లేచాడు. "పైనుంచి గట్టిగా అడిగారు. ప్రతిసారీ ఆలస్యం ఎవరివల్ల అని. ఇకనుంచి రిలీజులకి భుజంగరావుగారి 'సరే' అక్కర్లేదట. సారీ సార్, నా చేతిలో ఏం లేదు."

భుజంగరావుగారు, "సరే అప్పా" అన్నారు. అంతే. చేతులు మాత్రం ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు బల్లమీద కాసేపు, ఒళ్ళో కాసేపు పెట్టుకున్నారు.

వర్షిణి లేచి నిలబడింది. మధ్యాహ్నమే తన రివ్యూ అని ఆమెకి తెలుసు.

"సార్, శుక్రవారం ఆలస్యం ఆయనది కాదు, నాది. పని కాకుండానే అయిందన్నాను. సార్ మళ్ళీ అడిగితే అప్పుడు నిజం చెప్పాను."

తర్వాత ఎవరూ ఊహించనిది జరిగింది. స్టాన్లీ గొంతు సవరించుకుని, "దసరా ముందు రిలీజ్ ఆగింది కదండీ... అది నాదండీ" అన్నాడు. ఆ వెనక ఎదురుసీటు సమీనా చెయ్యెత్తింది. "లాగిన్ పేజీ ఆగింది నా మూలంగానే సార్. కింద పార్కింగులో అడిగారు నన్ను." ఇంకొకరు లిఫ్టులో అన్నారు. ఇంకొకరు మెట్లమీద అన్నారు. ఆయన నింద మోసింది తనొక్కడికోసమేనని ఇన్నాళ్ళూ ప్రతివాడూ అనుకున్నాడు.

హేమంత్‌కుమార్ అందర్నీ కోపంగా చూశాడు. చూసి చూసి, కుర్చీలో కూలబడ్డాడు. "నేను మేనేజర్ కాకముందు... నాదీ ఒకటుంది" అన్నాడు, మెల్లిగా.

భుజంగరావుగారికి మాత్రం ఎన్నడూ రాని కోపమొచ్చింది. "ఎంత పని చేస్తిరప్పా! ఇన్నేండ్లు కష్టపడి చెడ్డపేరు సంపాదించుకుంటి. ఒక్క గడియలో పోగొడితిరి గదా! రేపు ఇంకెవురికన్నా పని కాకుంటే నేనేమని చెప్పేది? నా చాదస్తం అంటే ఇంకెవురు నమ్ముతారు?"

గదంతా గొల్లుమంది. హేమంత్‌కుమార్ కళ్ళు తుడుచుకుని, పైవాళ్ళతో తనే మాట్లాడతాననీ, 'సరే' అనే పని ఆయనదేననీ చెప్పాడు. భుజంగరావుగారు అది పట్టించుకోకుండా, "మరి ఈ పిల్ల?" అన్నారు. "ఉద్యోగంలో ఉంటుందా?"

హేమంత్‌కుమార్ మళ్ళీ మేనేజరయ్యాడు. "అది రివ్యూలో తేలాల్సిన విషయం సార్. మీటింగులో అబద్ధం చెప్పడం చిన్న తప్పు కాదు. చూద్దాం" అన్నాడు. అందరి నవ్వూ ఆగిపోయింది. భుజంగరావుగారు, "సరే అప్పా" అన్నారు.

రివ్యూకి ముందు వర్షిణి ఒంటరిగా దర్శినికి వెళ్ళి, స్తంభం వెనక బల్ల దగ్గర నిలబడింది. కాఫీ చెప్పే ఓపిక కూడా లేదు. అప్పుడు స్తంభానికి అవతల తెలిసిన గొంతు వినిపించింది. "వన్ బై టూ."

రెండు గ్లాసులు బల్లమీద పెట్టిన చప్పుడైంది.

"హేమంతప్పా, ఆ పిల్ల ఉంటుందా?"

"ఉంటుంది సార్" అన్నాడు హేమంత్‌కుమార్. "మీటింగవగానే రాసి పంపేశాను. ముసుగు సంగతి ఆఫీసులో ఎవరికీ తట్టలేదు, తనే కనిపెట్టింది. అందరిముందూ అనేస్తే రేపట్నుంచి నామాట ఎవరూ వినరు. మీరు మాత్రం బయట చెప్పకండి."

"సరే అప్పా" అన్నారు భుజంగరావుగారు. ఒక్క క్షణమాగి, కాఫీ పోసేవాడితో, "ఆ స్తంభం వెనకాలకి ఒక ఫుల్ కాఫీ ఇయ్యప్పా" అన్నారు.