పెళ్లి బ్యాండుతో పాడిన ప్రేమపాటలు

భర్త పోయిన ఆడది భజనలు పాడితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. పైగా పిలిచి మైకు చేతికిస్తారు, ముందు వరుసలో కూర్చోబెడతారు. అదే గొంతుతో ప్రేమపాట పాడితే మాత్రం ఊరందరికీ చెవులు మొలుస్తాయి. నేను ప్రేమపాటలే పాడాను. ఒకటి కాదు, ఆల్బమ్ నిండా. అవీ ఇంగ్లీషువి, అదీ పెళ్లి బ్యాండుతో. జనగామలో మా వ్యాపారుల వీధిలో ఇంతకన్నా చెడ్డ పని చేసిన విధవ ఇంకెవరైనా ఉంటే చెప్పండి, వెళ్లి కలిసి వస్తాను.

ఈ పాటల పిచ్చి నాకు మహబూబాబాద్‌లో అంటుకుంది. నా చిన్నప్పుడు మా నాయిన అక్కడ మిర్చి వ్యాపారం చేసేవాడు. ఇంగ్లీషు వస్తే ఎప్పటికైనా అక్కరకొస్తుందని నన్నూ మా అన్ననూ రైల్వే క్వార్టర్లలో ఉండే ఒక టీచరమ్మ దగ్గరికి ట్యూషన్‌కు పంపాడు. ఆమెకు వ్యాకరణం చెప్పడమంటే విసుగు. క్యాసెట్ పెట్టి పాటలు నేర్పేది. మన తాతల కాలంలో అమెరికాలో అందరి నోళ్లలో నానిన పాటలవి. వాన, వెన్నెల, రాని మనిషి కోసం ఎదురుచూపు. దీన్ని జాజ్ అంటారని ఆమే చెప్పింది. తాళం ముందు పోతుంటే గొంతు తన తీరున తాను, కొంచెం వెనకగా, నిదానంగా నడిచొస్తుంది. నాకు ఆ నిదానం నచ్చింది. మా ఇంట్లో ఏ ఆడదానికీ అంత తీరిక నేను చూడలేదు. మా అన్న నెల తిరక్కుండానే ట్యూషన్ మానేశాడు. నేను బడి చదువు అయిపోయేదాకా వెళ్లాను. మా నాయినకు ఇంగ్లీషులో ఒక్క ఉత్తరం రాసిపెట్టింది లేదు గానీ, పాటలు మాత్రం బోలెడు వచ్చాయి.

పెళ్లయి భూపాలపల్లి వెళ్లాను. ఆయనది బొగ్గుగనిలో ఆఫీసు ఉద్యోగం. నా పాటల్లో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా నేను వంటింట్లో పాడుతుంటే టీవీ సౌండు తగ్గించేవాడు. ఒకసారి అర్థం చెప్పించుకుని, "గంతగనం బతిమిలాడుడేంది, ఒక్క ఫోన్ జేస్తె అయిపాయె గద" అన్నాడు. అట్లాంటి మనిషి గుండెపోటుతో పోయాడు. పలకరించడానికి వచ్చిన వాళ్లంతా నాకు ధైర్యం చెప్పారు. ఆయన ఎట్లాంటి వాడని అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. నాకు ఏడుపు కన్నా కోపం ఎక్కువ వచ్చేది. ఆయన గురించి మాట్లాడాలంటే ఈ పాటలు తప్ప నాకు వేరే దారి మిగల్లేదు.

అందుకే మా వాళ్లంతా ఉండే జనగామకు వచ్చేశాక వాటిని రికార్డు చేయాలనుకున్నాను. హైదరాబాద్ స్టూడియోలో అడిగితే వాయిద్యాలన్నీ కంప్యూటర్‌లోనే ఉన్నాయన్నారు. నాకు కంప్యూటర్ వద్దు. ఊపిరి పెట్టి ఊదేవాళ్లు కావాలి. ట్రంపెట్, క్లారినెట్, సాక్సోఫోన్ కలిపి ఉన్నవాళ్లు మా ఊళ్లో ఎవరున్నారు? పెళ్లి బ్యాండు వాళ్లే. బ్యాండు మాస్టర్‌ది దాదాపు నా వయసు. భార్య పోయి అప్పటికింకా ఏడాది కాలేదు. ఫోన్లో పాట వినిపిస్తే కళ్లు మూసుకుని విన్నాడు. మూఢాలు వస్తున్నాయి కాబట్టి పెళ్లిళ్లుండవని, తామంతా ఖాళీయేనని చెప్పాడు.

మూఢాల్లో ఎవరైనా కొత్త పని మొదలుపెడతారా అని మా వదిన ముక్కున వేలేసుకుంది. మంచి రోజుల్లో ఎట్లాగూ నన్ను ఎవరూ పిలవడం లేదు, చెడ్డ రోజులైనా నాకు వదిలేయమన్నాను. బచ్చన్నపేట రోడ్డులో మా అన్నకు పత్తి గోడౌన్ ఉంది. పత్తి అమ్ముడుపోయి అది ఖాళీగా పడి ఉంది. తాళంచెవి అడిగితే ఇచ్చాడు. ఏ పాటలని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

మొదటి రోజు అందరినీ కుర్చీల్లో కూర్చోబెట్టాం. క్లారినెట్ ఆయన రెండు ముక్కలు ఊది ఆపేశాడు. కూర్చుంటే ఊపిరి పడటం లేదన్నాడు. పెళ్లికొడుకు గుర్రం ముందు నడుస్తూ ఊదడమే వాళ్లకు అలవాటు మరి. అయితే నడవండి అన్నాను. హైదరాబాద్ నుంచి వచ్చిన రికార్డింగ్ అతను తల పట్టుకున్నాడు. మధ్యలో మైకులు, మైకుల దగ్గర నేను, నా చుట్టూ బ్యాండు వాళ్లు మెల్లగా గుండ్రంగా తిరుగుతూ. ఇక ఊదుడు చూస్తే రేకుల కప్పు లేచిపోయేలా ఉంది. ఇంట్లో పసిపిల్ల నిద్రపోతోందనుకుని ఊదమని మాస్టర్ వాళ్లకు నేర్పాడు. ట్రంపెట్ దగ్గరికొచ్చి మళ్లీ దూరం వెళుతుంటే నాకు ఒళ్లు జలదరించింది. తల పట్టుకున్నతను హెడ్‌ఫోన్లు పెట్టుకుని విని, ఇట్లాగే కానివ్వమన్నాడు. అట్లా ఒక్క పాట తప్ప అన్నీ అయిపోయాయి.

ఆ ఒక్క పాట దగ్గరే మా అన్న వచ్చాడు. మూఢాలు వెళ్లగానే ఆయన కొడుకు పెళ్లి. ఇదే బ్యాండును మాట్లాడాడు. పెళ్లికొడుక్కు మేనత్తను నేను, హారతి పట్టవలసింది నేను. ఆ పళ్లెం అప్పటికే మా వదిన చెల్లెలి చేతికి పోయిందని తెలిసీ ఊరుకున్నాను. ఇప్పుడు నేను పాడుతున్న వీడియో ఏదో ఆడపెళ్లివాళ్ల ఫోన్లకు చేరిందట. అందరి ముందూ మాస్టర్‌కు నెమ్మదిగానే చెప్పాడు. ఇది ఆపితే పెళ్లికి రావచ్చు, లేకపోతే వేరే బ్యాండు చూసుకుంటాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"పెండ్లికి పోతూ పిల్లిని సంకల పెట్టుకున్నట్టయితది చెల్లె. జర సమజ్ చేస్కో."

ఆ పిల్లిని నేను. పళ్లెం పోయినా మింగాను గానీ, ఇది గొంతు దిగలేదు.

"అన్నా, గీ మాస్టర్ పెండ్లాం పోయి ఏడాది గాలే. ఆయన ఊదితెనే నీ కొడుకు గుర్రమెక్కుతడు. ఆయన ఊపిరి శుభం, నాది అశుభమా?"

"మొగోళ్ల సంగతి వేరే."

ఏం వేరు అని అడిగాను. మా అన్న చెడ్డవాడు కాదు. నిజంగానే కాసేపు ఆలోచించాడు. ఆ తర్వాత తాళంచెవి ఇమ్మని చెయ్యి చాపాడు. ఇచ్చేశాను.

ఆయన వెళ్లాక మాస్టర్‌తో నేనే అన్నాను, నా కోసం గిరాకీ పోగొట్టుకోవద్దని. వాళ్ల పెళ్లిళ్లలో సగం మా వ్యాపారుల ఇళ్లలోవే. ఆయన ట్రంపెట్ మూతి తుడుస్తూ చెప్పాడు.

"నా ఇంటామె పోయిన్నాడు నేను గార్ల ఊర్లె పెండ్లి కాడున్న. ఫోనొచ్చింది. పెండ్లోళ్లు బరాత్ అయ్యేదాంక పోనియ్యలే. ఊదుకుంటనే ఉన్న. గీ పాట ఆపుడు నాతోని గాదమ్మా."

ఆయన చెంపల మీద నీళ్లు కారుతుంటే మిగతా వాళ్లు డ్రమ్ములు సర్దుకునే పనిలో పడ్డారు.

మా అన్న అన్నంత పనీ చేసి పెళ్లికి వేరే బ్యాండును మాట్లాడుకున్నాడు. పెళ్లి పత్రిక నాకు వాట్సాప్‌లో వచ్చింది. ఆ పిల్లవాడికి నీళ్లు పోసి, సాంబ్రాణి వేసి, ఒళ్లో పడుకోబెట్టుకున్నదాన్ని. చాలా కష్టమనిపించింది. పెళ్లి రోజు పొద్దున ఇంట్లో కూర్చోవడం నా వల్ల కాలేదు. మాస్టర్ ఇంటికి వెళ్లాను. రికార్డింగ్ అతన్ని పిలిపించాం. గోడౌన్ లేదు కాబట్టి ఆయన ఇంటి ముందు వీధిలోనే మైకులు పెట్టాం. బ్యాండు వాళ్లు వీధి ఆ చివర నుంచి ఈ చివరకు నడిచారు. నేనూ వాళ్లతో నడిచాను. అటు ఫంక్షన్ హాల్లో తలంబ్రాలు పోసే వేళకు, ఇటు నేను తిరిగిరాని మనిషిని పిలిచే పాట పాడుతున్నాను. గొంతు ఒకచోట వణికింది. మళ్లీ పాడమన్నారు. పాడనన్నాను. మధ్యలో ఎవరిదో స్కూటర్ హారన్ కూడా పడింది, ఉండనిచ్చాను.

ఇప్పుడు ఆల్బమ్ విన్నవాళ్లు అందరికన్నా ముందు ఆ పాట గురించే అడుగుతారు. పెళ్లిళ్ల కాలంలో, అంత గట్టి ముహూర్తం ఉన్న రోజున, జనగామలో బ్యాండు ఖాళీగా ఎట్లా దొరికిందంటారు. మా అన్న ఇప్పించాడని చెబుతాను.