బీరమ్మ నోట్లో పుట్నాలు

“పడిపోతాడేమో.”

మా బాబు నడక మొదలుపెట్టినప్పటి నుంచి పొద్దస్తమానం నా నోట్లో ఇదే మాట. పసివాళ్లకు తల బరువు, కాళ్లు పొట్టి. గరిమనాభి గురించి బడిలో హాయిగా పాఠం చెప్పేవాణ్ణి. ఇంటికొచ్చి అదే గరిమనాభి అరుగెక్కుతుంటే చూసి వణికేవాణ్ణి.

నా భయానికి మందు బీరమ్మ దగ్గర దొరికింది. దేవరకొండకు ఇవతల, మా బడి ఉన్న గుట్ట కిందే ఆమె ఇల్లు. కురుమవాళ్లు. భర్త గుర్వయ్య గొర్లను తోలుకుని పోతే ఆమె వాకిట్లో కూర్చుని ఉన్ని వడికేది. ఆమె గొంతుకు గుట్ట మీది మంద వెనక్కి తిరిగేది. వాళ్లింట్లో ఒక కట్టుబాటు: పేరు పెట్టి పిలిస్తే మొదటి పిలుపుకే పలకాలి. గుట్ట మీద పలకలేదంటే బండ మీంచి జారాడనో, తోడేలు పట్టిందనో అర్థం. కొడుకు మల్లన్న నిద్రలో కూడా “ఓయ్” అనేవాడట.

ఆ మల్లన్న మా చెడుగుడు జట్టులో మొనగాడు. ఏటా వాగవతలి బడితో పోటీ. ఓడినవాళ్లు గెలిచినవాళ్ల డప్పును వాగుదాకా మోయాలి. రెండేళ్లుగా మేమే మోస్తున్నాం. రెండేళ్లూ ఒకటే తీరు. మల్లన్న కూత పెట్టి అవతలికి పోతాడు. గట్టు మీంచి బీరమ్మ “కొట్టురా మల్లిగా” అంటుంది. వాడు కూత ఆపి “ఓయ్” అంటాడు. అంతటితో వాడు ఔటు.

అరవై మూడులో, పోటీకి ముందురోజు, డ్రిల్లు సారు ఎల్లస్వామి నన్ను వెంటబెట్టుకుని వాళ్లింటికి పోయాడు.

“బీరమ్మా, ఈసారి నువ్వు రాకు.”

“ఎట్ల రాకుండ ఉంట సారూ? పోరనికి గిదే ఆఖరి ఆట. వచ్చే ఏడు మందెంట పోతడు.”

“వస్తే పిలుస్తవ్.”

“పిల్వ.”

“పోయినేడు గూడ గట్లనే అన్నవ్.”

“నేనెక్కడ పిల్సిన? నోరే పిల్సింది.”

ఆ నోటితోనే ఒప్పందం కుదిరింది. ఆట అయిపోయేదాకా దాని నిండా పుట్నాలుండాలి. పక్కన కూర్చుని, అయిపోతుంటే అందించే పని నాకు పడింది. “సైన్సు సారువు, కొలత నీకెరుకనే గద,” అన్నాడు ఎల్లస్వామి.

మర్నాడు పుట్నాల పొట్లంతో, మా బాబుతో పోయి గట్టు మీద బీరమ్మ పక్కన కూర్చున్నాను. మా బడి పిల్లలు నినాదాలు ఎత్తుకున్నారు: “వాగుల నీళ్లు?” “మోకాల్లోతు!” “వాగోళ్ల బలం?” “మడిమల్లోతు!” అవతలివాళ్లు ఊరుకోలేదు: “గుట్టెక్కి ఏం జూస్తరు?” “గెలిసి పోయే మమ్ముల జూస్తరు!”

ఆట సమానంగా సాగింది. చివరి కూత మల్లన్నది. వాడు అవతలికి పోయి ఒకణ్ణి తాకాడు. ఇద్దరు వచ్చి నడుం పట్టుకున్నారు. గీత చెయ్యెడు దూరం ఉంది. సరిగ్గా అప్పుడు వాగవతలి పిల్లలు బీరమ్మ గొంతు పెట్టి “ఒరే మల్లిగా” అని ఒక్కటే కేక.

మల్లన్న తల తిప్పి తల్లిని చూశాడు. రెండు బుగ్గలూ ఉబ్బి, కళ్ల నిండా నీళ్లు. పుట్నాల పిండికి పొలమారి దగ్గు ఆపుకుంటోంది. ఆ నోరు పిలవలేదని వాడికి తెలిసిపోయింది. కూత తెగలేదు. వాళ్లిద్దరినీ ఈడ్చుకుంటూనే చెయ్యి చాచి గీత ముట్టాడు.

మా డప్పు మోగింది, వాగోళ్లు వచ్చి దాన్ని నెత్తికెత్తుకున్నారు. ఆ సందడిలో చూసుకుంటే పక్కన బాబు లేడు. గట్టు చివర కంకర కుప్ప మీద ఉన్నాడు, బాగానే ఎక్కుతున్నాడు.

“పడతావురా!” అని అరిచాను.

వాడు నా వైపు తిరిగాడు, దొర్లి ఇసుకలో కూలబడ్డాడు. దెబ్బేమీ తగల్లేదు గానీ ఏడుపు వాగుదాకా వినిపించింది.

బీరమ్మ వాణ్ణెత్తుకుంది. మాట్లాడాలంటే ముందు మింగాలి కదా, చాలాసేపు నమిలింది. తర్వాత పొట్లంలో మిగిలినవి నా దోసిట్లో పోసింది. ఇప్పుడు మా బాబు మెట్లెక్కుతాడు, గోడలెక్కుతాడు. నా జేబులో పుట్నాలు అయిపోనివ్వను. ఆ రోజు ఆమె చెప్పింది ఇంతే:

“ఎక్కేటప్పుడు పిల్వకు సారూ. నీ దిక్కు సూడవోయి పడుతడు. చెయ్యందేటంత దగ్గర నిలబడి, నోట్ల గిన్ని పుట్నాలు పోసుకో.”