వయసుతో పాటు తగ్గిన బటన్లు

2005. మేడ్చల్ బస్టాండుకి కాస్త ఇవతల, ఒక బట్టల కొట్టు పైన మా కంప్యూటర్ సెంటర్ ఉండేది. మాది కృష్ణా జిల్లా. పెళ్లయ్యాక కొంపల్లిలో కాపురం పెట్టాం. రోజూ అక్కణ్నుంచి బస్సెక్కి వెళ్లి మల్టీమీడియా పాఠాలు చెప్పేదాన్ని. నాకు నోటి దురుసు ఎక్కువ, లోపల మాత్రం ఒట్టి పిరికిదాన్ని. పిల్లలకి మొదటి సంగతే తెలుసు.

కోర్సు చివర్లో ఒక్కొక్కరూ ఒక ప్రాజెక్టు చెయ్యాలి. చాలామంది ఎగిరే సీతాకోకచిలకో, కదిలే పెళ్లి కార్డో చేసి చేతులు దులుపుకునేవాళ్లు. స్వప్న అనే పిల్ల మాత్రం విజువల్ నావెల్ చేస్తానంది. శామీర్‌పేట పక్క పల్లె నుంచి వచ్చేది. డిగ్రీ చదువుతోంది. వాళ్ల నాన్న యాదగిరి ఆకుకూరలు పండించి అమ్ముతాడు.

"అదేం వంటకమే తల్లీ?" అన్నాను.

కంప్యూటర్ పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీలో చూసిందట. విజువల్ నావెల్ అంటే బొమ్మలు చూస్తూ, వాటి కింద మాటలు చదువుతూ పోయే కథ. మధ్యలో తెర మీద బటన్లు వస్తాయి. మనం ఏది నొక్కితే కథ అటు తిరుగుతుంది. అలా చీలిన ఒక్కో దారినీ బ్రాంచ్ అంటారు. ప్రతి బటనూ నొక్కి, ప్రతి బ్రాంచ్ చివరిదాకా వెళ్లి, ఎక్కడ తెగిందో పట్టుకోవడమే టెస్టింగ్. అది నా పని. తెగిన చోటుకి బగ్ అని పేరు.

ఒక మధ్యాహ్నం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నాను. మైనా అనే పిల్ల పెద్దదయ్యే కథ అది. చిన్నప్పటి బొమ్మలో కింద నాలుగు బటన్లు ఉన్నాయి. పతంగి ఎగరెయ్యి, చెట్టెక్కు, చెరువుకు పో, అవ్వ దగ్గర కూసో. ఏది నొక్కినా హాయిగా ఉంది. బొమ్మలు కూడా చక్కగా గీసింది, ముచ్చటేసింది. హైస్కూలుకి వచ్చేసరికి మూడే బటన్లు. కాలేజీలో రెండు. అక్కణ్నుంచి పాట ఆగిపోయి, ఎక్కడో దూరంగా బండి చప్పుడు మొదలైంది. మైనా వెనక రోడ్డు మీద బండి మీద ఒకడు. తలకి నల్ల హెల్మెట్, దాని పక్కన ఎర్ర టేపు ముక్క. ముఖం లేదు. బొమ్మ మారినప్పుడల్లా వాడు కాస్త దగ్గరవుతున్నాడు. నేను ఏ బటన్ నొక్కినా వాడు దగ్గరవుతూనే ఉన్నాడు. ఇక ముందుకి వెళ్లకుండా హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టేశాను. బొమ్మకి భయపడ్డానని సిగ్గుగా కూడా అనిపించింది.

స్వప్నని పిలిచి, "ఇదిగో, బటన్లు ఎగిరిపోతున్నాయి, చూసుకో. బగ్" అన్నాను.

"బగ్ గాదు మేడం. మైనా పెద్దగైన కొద్ది తగ్గుతయి. గట్లనే జేసిన."

"మరి ఈ హెల్మెట్ వాడెవడు?"

"ఊకెనే గీసిన మేడం" అంది, తెర వైపు చూడకుండా.

పోనీలే, మార్కులు బాగా వెయ్యొచ్చు అనుకున్నాను. అంతకుమించి ఆ రోజు నాకేం తట్టలేదు.

మర్నాడు పదకొండింటికి ఆఫీసు గదిలో ఒక్కదాన్నే ఉన్నాను. ఒకతను లోపలికొచ్చి కూర్చున్నాడు. హెల్మెట్ తియ్యలేదు, అద్దం మాత్రం పైకెత్తాడు. ఆ రోజుల్లో మా రోడ్డు మీద హెల్మెట్ పెట్టుకునేవాళ్లే అరుదు, లోపలికొచ్చి కూడా తియ్యని మనిషిని అదే మొదటిసారి చూడటం. మర్యాదగానే మాట్లాడాడు.

"మా చెల్లెను చేర్పిద్దామని వచ్చిన మేడం. ఆడపిల్లల బ్యాచ్ ఎన్ని గంటలకు ఇడుస్తరు? శామీర్‌పేట దిక్కు నుంచి ఎవరన్న వస్తరా? తోడు ఉంటదని అడుగుతున్న."

చెప్పబోయాను కూడా. అంతలో అతను ఫ్యాను వైపు తల తిప్పాడు. హెల్మెట్ పక్కన ఎర్ర టేపు.

ఒళ్లు జలదరించిందంటే ఏమిటో నాకు ఆ నిమిషంలో తెలిసింది. గోడకి అవతల ల్యాబులో స్వప్న ఉంది. గట్టిగా నవ్వితే ఇటు వినబడుతుంది.

"ఆడపిల్లల బ్యాచ్ ఎత్తేశామండీ, ఎవరూ రావడం లేదు" అన్నాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినబడింది.

అతను నన్ను కాసేపు చూశాడు. "గట్లనా" అని నవ్వి, అద్దం దించుకుని మెట్లు దిగాడు. బండి చప్పుడు వినబడింది గానీ ఎంతకీ దూరం కాలేదు. కింద ఇంజిను ఆపకుండా అలాగే నిలబడ్డాడు. చివరికి బండి కదిలాక ల్యాబులోకి పరుగెత్తి స్వప్న చెయ్యి పట్టుకున్నాను.

"వాడు నిజంగానే ఉన్నాడా?"

పిల్ల ముఖంలో నెత్తురు లేదు. ఆ బండి చప్పుడు తనూ విన్నది. చాలా నెలలుగా తనెక్కే ఆటో వెనకే వస్తున్నాడట. ముట్టుకోలేదు, అడ్డం రాలేదు. ఒక్కసారి మాత్రం ఆటో ఆగినప్పుడు పక్కకొచ్చి, "నిన్న పచ్చ చున్నీ మంచిగుండె. మీ బాపు కొత్తిమీర అమ్ముడయిందా?" అని అడిగి పోయాడట.

"ఇంట్లో చెప్పలేదా?"

"చెప్తే ఏమైతదో గేమ్‌ల పెట్టిన మేడం. మీరు ఆ బ్రాంచ్ దాకా పోలే."

ఇక పిల్లని ఒంటరిగా పంపే ధైర్యం నాకు లేదు. వాళ్ల ఊళ్లో ఫోనున్న కిరాణా కొట్టుకి ఫోన్ చేసి యాదగిరిని పిలిపించాను. సాయంత్రానికి వచ్చాడు. ఇంకా చేతులకి మట్టి ఉంది. జరిగింది చెప్పసాగాను. ఆయన నా మాట పూర్తి కానివ్వలేదు.

"రేపటి సంది రాదు మేడం. సాలు సదువు. ఇంట్ల ఉంటది."

స్వప్న ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. సిస్టమ్ ఆన్ చేసి, స్పీకర్లు పెట్టి కుర్చీ జరిపింది. "కూసో బాపు" అంది. ఆయన చేతిని మౌస్ మీద పెట్టి, దాని మీద తన చెయ్యి ఆనించింది.

మైనా కాలేజీ రోడ్డు మీద నిలబడి ఉంది, వెనక బండి చప్పుడు. కింద రెండు బటన్లు. ఎవ్వరికి చెప్పకు. బాపుకు చెప్పు.

"గిదే గదా మంచిది" అని రెండోది నొక్కాడు యాదగిరి.

బండి చప్పుడు ఆగిపోయింది. ఆయన ముఖం తేటపడింది. తెర మీద ఒక గది, మూసిన తలుపు, మంచం మీద మైనా. కింద ఒక్కటే బటన్, దాని మీద ఒకే మాట. సరే. నొక్కాడు. అదే గది. మైనా చీరలో ఉంది. సరే. నొక్కాడు. అదే గోడ, అదే తలుపు. మైనా తలలో తెల్ల వెంట్రుకలు. సరే. మళ్లీ నొక్కాడు, మళ్లీ. ఆ గదిలో చిన్న చప్పుడు కూడా లేదు. హెల్మెట్ వాణ్ని చూసినప్పటికంటే నాకు అప్పుడే ఎక్కువ భయమేసింది.

"బయటికి పోయే బటన్ ఏది బిడ్డా?"

"లేదు బాపు."

"నాకు ముందుగాల ఎందుకు చెప్పలే?"

"చెప్తే ఇప్పుడన్న మాటనే అంటవని ఎర్క."

ఆయన మౌస్ మీది చెయ్యి తీసేశాడు. తల ఎత్తేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నువ్వేం తప్పు జేసినవని నిన్ను లోపలెయ్యాలె" అన్నాడు. అది కూతురితో అన్నాడో, తనతో తనే అనుకున్నాడో తెలియదు.

మర్నాడు ముగ్గురం పోలీస్ స్టేషన్‌కి వెళ్లాం. ఆ తర్వాత కోర్సు అయ్యేదాకా ఆయనే కూతుర్ని ఆకుకూరలు మోసే మోపెడ్ మీద దింపి, కిందున్న హోటల్లో చాయ్ తాగుతూ కూర్చునేవాడు. బేరం పాడవుతుందేమో అని నేనంటే, "పోతే పోనియ్యి మేడం" అనేవాడు. హెల్మెట్ వాడు మళ్లీ కనబడలేదు. పోలీసులు పట్టుకున్నారా, వాడే జారుకున్నాడా, నాకు తెలియదు. వాడి ముఖం మేమెవ్వరం పూర్తిగా చూడలేదు. స్వప్న ఇప్పుడు ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో డిజైనర్‌గా చేస్తోంది.

నేను ఆ తర్వాత చాలా ప్రాజెక్టులు దిద్దాను. ఎక్కడైనా తేడా కనిపిస్తే బగ్ అని రాసే ముందు, ఎందుకిలా చేశావని అడగడం అలవాటు చేసుకున్నాను. ఆడపిల్లలు బయటివాడికి ఎంత భయపడతారో, ఇంట్లో మన నోటి నుంచి రాబోయే మొదటి మాటకి అంతకంటే ఎక్కువ భయపడతారని ఆ రోజే తెలిసింది. తెలిస్తే సరిపోదు లెండి. మొన్న మా అమ్మాయి కాలేజీ నుంచి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా గుమ్మంలోనే నిలబడి, "అమ్మా, ఒక సంగతి చెప్పాలి. తిట్టవుగా?" అంది. 'రేపట్నుంచి నువ్వు' అనే మాట నాలిక చివరిదాకా వచ్చేసింది. దాన్ని మింగి, పక్కనున్న కుర్చీ దగ్గరికి లాగి, "చెప్పు" అన్నాను.