అప్పలనర్సమ్మ మెడలో ఏనుగు

శ్యామసుందర్‌కి లోకంలో ఏ సంగతీ ఓ పట్టాన తేలదు. బరంపురం పెద్దబజారులో ముప్ఫయ్యేళ్ళుగా అప్పడాల టోకు వ్యాపారం చేస్తున్న మనిషి, అప్పడం వేగిందా లేదా అని అడిగితే కూడా కళ్ళజోడు నుదుటి మీంచి ముక్కు మీదికి దించి, అప్పడాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంకా తేలలేదు" అంటాడు. ఈలోగా అప్పడం మెత్తబడుతుంది. ఎందుకు మెత్తబడిందన్నది మళ్ళీ వేరే పరిశోధన.

పెళ్ళిచూపుల్లోనూ ఇదే మాట. వాసవీకుమారిని చూసి వీధి గుమ్మంలోకి వచ్చాక పెద్దలు "పిల్ల నచ్చిందా" అని అడిగితే "ఇంకా తేలలేదు" అన్నాడు. పెద్దలకి అంత ఓపిక లేక ముహూర్తం పెట్టేశారు. ఇది జరిగి ముప్ఫై నాలుగేళ్ళు. ఏటా పెళ్ళిరోజున వాసవి పాయసం గిన్నె ముందు పెట్టి, "ఏటండీ, నేను నచ్చానో లేదో ఈ ఏడైనా తేలిందా?" అని అడుగుతుంది. ఆయన పాయసం రుచి చూసి, దూలాల వైపు చూసి, "ఇంకా తేలలేదు" అంటాడు. గిన్నె మాత్రం నాకినట్టు ఖాళీ చేస్తాడు.

ఇంత చురుకైన మనిషికి పాత నాణేలూ పతకాలూ సేకరించే పిచ్చి పట్టడం వాసవి చేసుకున్న పుణ్యం. ఇంట్లో పదకొండు కేటలాగులున్నాయి. ఒక్కొక్కటి కూర్చునే పీటంత మందం. వాటిలో బొమ్మ లేని నాణెం శ్యామసుందర్ లెక్కలో ఇంకా పుట్టనే లేదు. కేటలాగులకి గాలి తగలాలని బీరువాలో చీరల అర ఖాళీ చేయించి, చీరల్ని అప్పడాల పెట్టెల్లో సర్దించాడు. అప్పట్నించి వాసవి పట్టుచీర కట్టుకుని పెళ్ళికి వెళ్తే, పక్క కుర్చీలో ఆవిడ గాలి పీల్చి, "వంటలు మొదలెట్టీసినట్టున్నారు, ఇంగువ వాసనొస్తంది" అంటుంది.

మూడేళ్ళ కిందట ఒక బుధవారం నాడు చికిటి దగ్గరి పల్లె నుంచి ఇద్దరు అన్నదమ్ములు తల్లిని వెంటబెట్టుకుని దుకాణానికి వచ్చారు. పెద్దవాడు ఢిల్లీశ్వరరావు, చిన్నవాడు అప్పలరాజు. ఇద్దరిదీ వ్యవసాయం. తల్లి అప్పలనర్సమ్మకి డెబ్భై ఆరో, డెబ్భై ఎనిమిదో. రెండు కళ్ళకీ శుక్లాలు. మెడలో నల్లతాడుకి, రూపాయి బిళ్ళ కన్నా కాస్త పెద్దదైన పచ్చటి బిళ్ళ వేలాడుతోంది.

"ఏటమ్మా ఇది?" అన్నాడు శ్యామసుందర్.

"పతకం బాబూ. జమిందారు ఏనుగుకి కడుపుబ్బు ఒచ్చి పడిపోనాది. మా అయ్య ఆకుపసరు పోసి లేపినాడు. ఏనుగు లేసిన దినానికి గురుతని జమిందారు ఈ పతకం సేయించి, పదిమందిలో మా అయ్య మెడలో ఏసినాడు. మేలిమి బంగారం అని సెప్పినాడు."

ఏనుగు కడుపుబ్బు తగ్గినందుకు బంగారు పతకం కొట్టించిన జమీందారు ప్రజల కడుపులకి ఏం చేశాడో అప్పలనర్సమ్మ చెప్పలేదు. శ్యామసుందర్ పదకొండు కేటలాగులూ తిరగేశాడు. వైస్రాయిలున్నారు, పట్టాభిషేకాలున్నాయి, ఆఖరికి కుక్కల పోటీలో నెగ్గిన కుక్క కూడా ఉంది. కోలుకున్న ఏనుగు ఎక్కడా లేదు.

ఢిల్లీశ్వరరావుకి తొందరగా ఉంది. "దీని దర తేల్సీండి సావుకారూ. దర పలికితే అమ్మకి కల్లాపరేసనో ఏటో సూద్దుము. నేదంటే ఈ వయసులో ఇంకేటి సూడాల, దండగ గదా."

అప్పలనర్సమ్మ పక్కనే స్టూలు మీద కూర్చుని ఉంది. ఆవిడకి కళ్ళు కనపడవు గాని చెవులు దివ్యంగా పనిచేస్తాయి. శ్యామసుందర్ పతకాన్ని చూశాడు, ఆవిడని చూశాడు, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు. "మూడు రోజులు నా దగ్గర ఉంచండి" అన్నాడు.

నాలుగోరోజు పొద్దున్నే తనే బస్సెక్కి ఆ పల్లెకి వెళ్ళి పతకాన్ని ముసలమ్మ మెడలో వేసి వచ్చాడు. అప్పడాల బేరానికి పక్క వీధికి కూడా వెళ్ళని మనిషి. తోడుగా వాసవిని తీసుకెళ్ళాడు, దారిలో పులిహోర తినడానికి. అందుకని అక్కడ జరిగిన సంభాషణ వాసవి చెవులారా విన్నది.

"ఇంకా తేలలేదు" అన్నాడు శ్యామసుందర్ అరుగు మీద కూర్చుని. "తేలేదాకా కొన్ని నియమాలున్నాయి. పాత వస్తువు దొరికిన చోటే ఉండాల. ఇది దొరికింది ఈవిడ మెడలో. అక్కణ్ణించి కదపకూడదు."

"మరి అమ్మ తానమాడినప్పుడో?" అన్నాడు అప్పలరాజు.

"తానం చేస్తే పరవాలేదు. చేయించండి. రోజూ వేన్నీళ్ళతో చేయించండి. రెండోది, దీనికి కాగితం సాక్ష్యం ఏటీ లేదు. ఉన్న సాక్షి ఈవిడొక్కర్తే. సాక్షి నీరసపడితే జ్ఞాపకం తప్పుతాది. సాయంత్రం పాలివ్వండి."

"గేదిపాలా, ఆవుపాలా?"

శ్యామసుందర్ చాలాసేపు ఆలోచించాడు. "అది ఇంకా తేలలేదు. ఈలోగా రెండూ ఇవ్వండి."

తిరుగు బస్సులో వాసవి, "ఇంతకాలం ఇలాంటి మనిషి మీరు ఒక్కరే అనుకున్నాను. మీ మాట వినేవాళ్ళు కూడా ఉన్నారు లోకంలో" అంది. ఆయన పులిహోరలో కరివేపాకు ఏరుకుంటూ ఉండిపోయాడు.

తర్వాత పరిశోధన జోరందుకుంది. పతకం మీది బొమ్మ అరిగిపోయి ఉంది. శ్యామసుందర్ దాని ఫోటో పట్టుకుని, ఖల్లికోటలో పాత సంగతులన్నీ తెలుసని పేరున్న తాతయ్య మాస్టారి దగ్గరికి రైల్లో వెళ్ళాడు. మాస్టారు భూతద్దంతో చూసి, "ఇది పంది" అన్నారు. గోపాల్‌పూర్‌లో ఒక పాత హోటలు ఆసామి, "ఓడ. పొగగొట్టం కనపడ్డం లేదేటి?" అన్నాడు. కటకంలో ఉన్న ఒక పెద్ద సేకర్త, మీ పతకం ఏ కేటలాగులోనూ లేదు కనక అటువంటి పతకం లేదని భావించవలసి ఉంటుందని ఉత్తరం రాశాడు. లేని పతకం మీద ఇంత మర్యాదగా రెండు పేజీలు రాసినందుకు వాసవి ఆయన్ని మెచ్చుకుంది.

ఆ ఉత్తరాన్నీ, పందినీ, ఓడనీ తీసుకుని శ్యామసుందర్ అన్నదమ్ముల్ని పిలిపించాడు. "ఇలా మూడు మతాలున్నాయి. సాక్షి తన కంటితో చూసి చెప్తే గాని ముందుకెళ్ళదు."

"సాచ్చికి కల్లు కనపడవు గదండీ" అన్నాడు ఢిల్లీశ్వరరావు.

"అదే మరి, పరిశోధన అక్కడే ఆగిపోయింది" అన్నాడు శ్యామసుందర్, ఎంతో విచారంగా.

రెండేళ్ళుగా కుదరని కంటి ఆపరేషన్ వారం తిరక్కుండా కుదిరింది. కట్లు విప్పాక అప్పలనర్సమ్మ దుకాణానికి వచ్చి, పతకాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. "ఏనుగే బాబూ. ఇదిగో తొండం. ఇదిగో తోక." తర్వాత తలెత్తి శ్యామసుందర్‌ని కిందనించి పైదాకా చూసింది. "గొంతు ఇని కుర్రోడివనుకున్నాను. నువ్వూ ముసిలోడివేనా బాబూ?"

"పోనీలెండి, ఏనుగని తేలింది" అంది వాసవి.

"ఏనుగని తేలింది. ఆడదో మగదో తేలలేదు."

ఆ ఏనుగు ఆడదో మగదో తేలడానికి సాక్షిని నెలకో బుధవారం బరంపురం తీసుకురావాలని కొత్త నియమం వచ్చింది. సాక్షి వస్తే ఉత్త కడుపుతో పంపకూడదు కదా. నెలకోసారి వాసవి పప్పు నానబెట్టడం, రుబ్బడం, గారెలు వెయ్యడం. సాక్షికి గారెల్లో అల్లం ఎక్కువుండాలి. కోడళ్ళు అత్తగారికి తలదువ్వి, ఉతికిన చీర కట్టి, చెయ్యి పట్టుకుని బస్సు దింపేవారు. లక్షలు పలకబోయే సాక్షి మరి, పడిపోతే ఎలా? అప్పలనర్సమ్మ చెంపలు నిండాయి. "పతకం సంగతి తెలీదు గాని, సాక్షి మాత్రం తూకం పెరుగుతోంది" అనేది వాసవి.

ఇలా మూడేళ్ళు గడిచాయి. ఈ ఏడు ఠకురాణీ అమ్మవారి యాత్ర ముందు ఇంటికి సున్నాలు వేయిస్తూ వాసవి బీరువా ఖాళీ చేసింది. ఏడో కేటలాగు ఎత్తుతుంటే మధ్యలోంచి ఒక చీటీ జారిపడింది. శ్యామసుందర్ దస్తూరీ.

"మూడో రోజు. కంసాలి సూరయ్య అంచు దగ్గర గీటురాయి మీద గీసి చూశాడు. లోపల రాగి. పైన ఉల్లిపొరంత బంగారం పూత. గీసినచోట మళ్ళీ పూత వేయించాను. పెద్దకొడుకు మాట: దర లేకపోతే కళ్ళాపరేషన్ దండగ. కనక ఇంకా తేలలేదు."

వాసవి చీరల పెట్టె మీద కూలబడింది. ముందు ఒళ్ళు మండింది. మూడేళ్ళ గారెలు, మూడేళ్ళ రుబ్బు. అందులో ఒక్క మాట తనకి చెప్పలేదు. చీటీ రెండోసారి చదివింది. ముప్ఫై నాలుగేళ్ళలో ఈ మనిషి ఒక్క సంగతిని మూడు రోజుల్లో తేల్చాడు, తేల్చి దాన్ని మూడేళ్ళు దాచాడు. కోపం ఎటు పోయిందో పోయింది. ఈ పిచ్చి మనిషి మీద పెళ్ళినాడు కూడా పుట్టనంత ప్రేమ పుట్టుకొచ్చింది. చీటీని ఏడో కేటలాగులో ఉన్నచోటే పెట్టేసింది.

ఆ బుధవారం అన్నదమ్ములు ఇద్దరూ వచ్చారు. అప్పలరాజు స్టూలు మీద కూర్చోను కూడా లేదు. "ఇంక ఆగనేము సావుకారూ. ఇచ్చాపురంలో ఒకాయనున్నాడు. గీటురాయి మీద గీసి నిమిసంలో తేల్చెస్తానన్నాడు. అమ్మని తీసుకుని ఇట్నించిటే బస్సెక్కెస్తాము."

శ్యామసుందర్ నుదుటి మీదున్న కళ్ళజోడు కోసం బల్లంతా వెతికాడు. "ఇంకా..." అన్నాడు. అప్పలనర్సమ్మ పతకాన్ని గుప్పిట్లో పట్టుకుంది. మాట మీద మాట వేసి మూడేళ్ళు నెట్టుకొచ్చిన మనిషి అలా బిక్కమొహం వేసుకు నిలబడితే గుమ్మంలో ఉన్న వాసవికి చూడబుద్ధి కాలేదు.

"గీయించండి బాబూ, శుభ్రంగా గీయించండి" అంది లోపలికొచ్చి. "మూడేళ్ళు పాలు పోసి, కళ్ళు చేయించి, సాక్షిని ఇంత చక్కగా పెంచారు. చివరాఖరికి పతకం మీద ఒక గీత గీయించుకుని ఇంటికి పోండి. గీత పడ్డ పతకాన్ని ఏ కేటలాగువాడూ ముట్టుకోడు. మీ వస్తువు, మీ ఇష్టం."

అన్నదమ్ములు మొహాలు చూసుకున్నారు. "అయితే మరేటి సెయ్యమంటారు అమ్మా?" అన్నాడు ఢిల్లీశ్వరరావు.

"పదకొండు కేటలాగుల్లో లేదని తేలింది. పన్నెండోదాంట్లో చూడొద్దా? అది రానీండి."

"పన్నెండోది ఎప్పుడొస్తాది?"

వాసవి దూలాల వైపు చూసింది. "ఇంకా తేలలేదు" అంది.

శ్యామసుందర్ నుదుటి మీది కళ్ళజోడు ముక్కు మీదికి దించి పెళ్ళాన్ని కొత్తగా చూశాడు. అప్పలరాజు బుర్ర గోక్కుని, ఇన్నాళ్ళు ఆగినోళ్ళం ఇంకొన్నాళ్ళు ఆగుదుములే అని అన్నని తీసుకుని టీకి వెళ్ళాడు. వాసవి అప్పలనర్సమ్మని దుకాణం వెనకే ఉన్న ఇంట్లోకి తీసుకెళ్ళి గారెల పళ్ళెం ముందు పెట్టింది.

ముసలమ్మ రెండు గారెలు తిన్నాక, దుకాణం వైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది. "తల్లీ, ఒక మాట. ఎవులికీ సెప్పకు. ఇది బంగారం కాదు, రాగి."

వాసవి చేతిలో గరిటె ఆగిపోయింది. "నీకెవరు చెప్పారు మామ్మా?"

"మా అయ్యే సెప్పినాడు. పోయే ముందు. జమిందారు బంగారం అన్నాడు, నేను నమ్మినట్టే దణ్ణం ఎట్టినాను, ఏనుగు లేసింది గదా అమ్మా అదే సాలు అన్నాడు."

"మరి మూడేళ్ళ బట్టీ ఈయనకి చెప్పలేదేటి?"

"ఎలగ సెప్తాను తల్లీ? బాబు ఆ అద్దం అట్టుకుని ఎంత ఆశగా సూస్తాడు. సదువుకున్నోడు, మనసు ఇరిగిపోదా? పాపం, ఆడి సరదా ఎందుకు పాడుసెయ్యాలని నెలనెలా ఒస్తన్నాను. నువ్వు కూడా సెప్పకు."

వాసవికి కళ్ళలో నీళ్ళు తిరిగేంత నవ్వొచ్చింది. అల్లం తగిలిందని చెప్పి కొంగుతో తుడుచుకుంది. ఇంకో గారె పళ్ళెంలో వేసి, "నేనెందుకు చెప్తాను మామ్మా" అంది.

వాళ్ళు వెళ్ళాక శ్యామసుందర్ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. కాసేపు సున్నం మరకలు చూశాడు. "ఏడో కేటలాగు గాని కదిపావేటి?" అన్నాడు.

"కదిపానో లేదో ఇంకా తేలలేదు" అంది వాసవి, మూకుడు తోముకుంటూ.

పై వారం వాళ్ళ పెళ్ళిరోజు. వాసవి పాయసం గిన్నె ముందు పెట్టి ఎప్పటిలాగే అడిగింది. "ఏటండీ, నేను నచ్చానో లేదో ఈ ఏడైనా తేలిందా?"

ఆయన రుచి చూసి, దూలాల వైపు చూసి, "ఇంకా తేలలేదు" అన్నాడు.

ఈ మనిషికి ఏ సంగతి ఎన్నో రోజున తేలుతుందో, తేలాక దాన్ని ఎక్కడ దాస్తాడో వాసవికి ఇప్పుడు తెలుసు. గిన్నె ఖాళీ అయ్యేదాకా ఆగి, అడక్కుండానే రెండోసారి పాయసం వేసింది.