పూతకొచ్చిన గోగుచేను

మా చిన్నాయన బుధవారం పొద్దున పోయాడు. గుండెపోటు. కోయిలకుంట్ల నుంచి ఫోన్ చేసిన చిన్నమ్మ ఆ సంగతి చెప్పి, "చేను పూతకొచ్చిండాది నాయనా" అంది.

అది గోగుచేను. ఆకు కోసం కాదు, కట్టె కోసం వేసింది. చేతితో కాగితం తయారుచేసే ఒక చిన్న యూనిట్ ఆ కట్టెను తీసుకునేది. సగం మొక్కలు పూయగానే కోయాలి. పది రోజులు ఆగితే నార ముదిరిపోతుంది, కాగితపు గుజ్జుకు రాదు.

చిన్నాయనకు కుదురు తెలియదు. కడపలో మా ఇంటికొస్తే చెప్పులు విడవకుండా గడప దగ్గరే కాఫీ తాగేవాడు. కూర్చోమంటే "చేను కూర్చోనీదప్పా" అనేవాడు. పూత రోజుల్లో ఒక కట్టె విరిచి, బొటనగోటితో బెరడు లాగి, తొడ మీద పేని, పళ్లతో గుంజేవాడు. తెగకపోతేనే కోతమాట ఎత్తేవాడు. వార్త రాసేముందు రెండుసార్లు అడిగి చూసే అలవాటు నాకు ఆయన దగ్గర అబ్బిందే.

కట్టె కోసం గోగు వేసిన మొదటి ఏడు ఒక తప్పు చేశాడు. గోగాకును మేం పుంటికూర అంటాం. అడిగినవాళ్లకు లేదనకూడదు. ఆడవాళ్లు వచ్చి చిగుళ్లు తుంచుకుపోతుంటే ఊరుకున్నాడు. చిగురు తుంచితే మొక్క పైకి పోదు, కొమ్మలేస్తుంది. కొమ్మల కట్టె పనికిరాదని యూనిట్‌వాళ్లు లోడంతా తిప్పి పంపారు. మరుసటేడు గట్టు పొడవునా నాలుగు సాళ్లు కూరకని వదిలి, లోపల ఒత్తుగా చల్లాడు.

"ఒత్తుగా ఉంటే పక్కచూపులుండవు, పైకే పోతాయి."

"మనుషులూ అంతేనా?"

"మనుషుల సంగతి నువ్వు రాయి. నేను గోగు సంగతి చెప్తాండా."

మట్టిచేసి వచ్చాక పెదనాయన, పదకొండోనాటి పెద్దదినం అయ్యేదాకా కొడవలి పట్టగూడదన్నాడు.

"అప్పటికి అది పొయ్యిలోకే పనికొస్తాది బావా" అంది చిన్నమ్మ.

"ఊరేమంటాదమ్మా?"

"ఊరికేం పోయింది? ఆయన్ని పంపించినాం. ఆయన చేసిన పనిని గూడా పాడె ఎక్కించాల్నా?"

పెదనాయన రెండు రోజులు ఇంట్లోకీ వాకిట్లోకీ తిరిగాడు. మూడోరోజు తెల్లారి చూస్తే వాకిట్లో కూర్చుని కొడవళ్లు నూరుతున్నాడు.

కూలీలతో నేను చేనికి పోయాను. మొదలంటా కోసి, మోపులు కట్టి నిలబెట్టారు. గోగుపువ్వు ఒక్కపూటే ఉంటుంది. లేత పసుపు రేకులు, నడుమ ముదురెరుపు. పదకొండు గంటలప్పుడు కోసిన మోపుల మీద పూలు విచ్చుకునే ఉన్నాయి. ఎండ నడినెత్తికి వచ్చాక ఒక్కొక్కటే ముడుచుకున్నాయి. ఇంకా కోయని మొక్కల మీది పూలూ ఆ వేళకే ముడుచుకున్నాయి.