శనివారం నాటి అష్టమి

మస్తానమ్మకి కోపం వస్తే నిజాంపట్నం రేవులో కాకులు కూడా ఎండుచేపల మీద వాలవని చెప్పుకునేవారు. అది అబద్ధం. కాకులు వాలేవి, జడిసేది మనుషులే. కానీ ఆవిడ కోపం ఊరికే వచ్చేది కాదు. పంతొమ్మిది వందల డెబ్బై దాటిన కొత్తల్లో ఆవిడ నెలల తరబడి మండిపడిందంటే దానికి కారణం బెజవాడ.

ఆవిడకి ముగ్గురు పిల్లలు. పెద్దది కోటిరత్నం, పదిహేనేళ్లది, పదో తరగతి చదువుతోంది. దాని వెనక పదమూడేళ్ల అంకారావు. చిన్నది కనకమ్మకి పదకొండు. వాళ్లని బెజవాడ తిప్పుతానని మాటిచ్చింది మస్తానమ్మ. రెండో శనివారం బడికి సెలవు కాబట్టి ఆ పొద్దున మొదటి బస్సుకి రేపల్లె, అక్కణ్ణుంచి రైల్లో తెనాలి, తెనాలిలో బండి మారి బెజవాడ. రాత్రికి చెల్లెలింట్లో పడుకుని ఆదివారం తిరిగి రావడం.

ఏం చూడాలన్న దగ్గర పిల్లలు జుట్టూ జుట్టూ పట్టుకునేవారు. అంకారావుకి బ్యారేజీ తలుపులెత్తడం చూడాలి. కనకమ్మకి ఐస్‌క్రీం తినాలి, సినిమా చూడాలి, కొండెక్కాలి. కోటిరత్నానికి ఒక్కటే కోరిక, ఆడపిల్లల కాలేజీ.

"లోపలికెళ్లక్కర్లేదమ్మా, బయటనుంచే చూస్తా."

"గోడలు చూడ్డానికి బెజవాడ దాకా ఎందుకే? మన బడికి లేవా గోడలు?" అనేవాడు అంకారావు. వాడికి వీపు మీద ఒకటి పడేది.

అంతా బాగానే ఉంది గానీ, సముద్రం మీద బతికేవాళ్లకి ఒక కట్టుబాటుంది. మగాడు నీళ్ల మీద ఉన్న రాత్రి ఆ ఇంటి ఆడది ఆ ఇంట్లోనే పడుకోవాలి. పగలు తెనాలి పోనీ, బాపట్ల పోనీ, ఎండుచేపలు అమ్ముకోనీ, పొద్దుగూకేసరికి గడప లోపల ఉండాలి. లేకపోతే పడవకే కీడంటారు. కాబట్టి మస్తానమ్మ బెజవాడలో పడుకోవాలంటే మొగుడు లక్ష్మయ్య ఒడ్డున ఉండాలి. లక్ష్మయ్య ఒడ్డున ఉండేది అష్టమి నవములకే. అప్పుడు పోటు చచ్చుబడుతుంది, చేప పడదు, పడవలు ఒడ్డెక్కుతాయి. లోకమంతా అష్టమి నాడు ప్రయాణం మానుకుంటే ఈవిడ అష్టమి కోసం కాచుక్కూచుంది. బడివాళ్లేమో శనివారమంటారు, సముద్రమేమో అష్టమంటుంది. ఈ రెంటికీ పొత్తు కుదిరి చావదే! ఒక నెల తప్పింది, రెండో నెలా తప్పింది. మూడో నెల రెండో శనివారం అష్టమి పడింది. మస్తానమ్మ వేలు మడిచి మళ్లీ మళ్లీ లెక్క చూసుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం జంతికలు మూట కడుతుంటే లక్ష్మయ్య వచ్చి తన బట్టలు మూట కట్టుకోవడం మొదలెట్టాడు.

"ఏంటది?" అంది మస్తానమ్మ.

"గంగాధరరావుగారు మరపడవ కొన్నారుగా. సాయంత్రం బయల్దేరుతున్నాం. ఆదివారానికి వచ్చేస్తాం."

"రేపు అష్టమి."

"ఇంజనుకి అష్టమేంటే, పిచ్చిదానా?"

"మరి బెజవాడ?"

"బెజవాడ ఎక్కడికి పోద్ది? వచ్చే నెల చూద్దాం. నేను నీళ్ల మీదుంటే నువ్వెట్టా వెళ్తావ్?" అనేసి మూట భుజానేసుకుని వెళ్లిపోయాడు.

మస్తానమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. చంద్రుణ్ణి చూసి పడవెక్కే మనిషి ఇంజను రాగానే చంద్రుణ్ణి మరిచాడే, పెళ్లానికున్న కట్టు మాత్రం ఎంత చక్కగా గుర్తుంది! చేతిలో మూట విసిరికొట్టి రేవుకి నడిచింది. అప్పుడే బడినుంచి వచ్చిన పిల్లలు వెనకాల పరుగెత్తారు.

పడవ మీద అందరూ ఎక్కేశారు. ఒడ్డున ఆసామి గంగాధరరావు గొడుగేసుకుని నిలబడ్డాడు. మస్తానమ్మ వాళ్లెవరినీ చూడలేదు, పడవ నడిపే సరంగు యలమందని కేకేసింది.

"యలమందన్నా! ఒక మాట చెప్పిపోదామని వచ్చా. రేపు పొద్దున నేను పిల్లలతో బెజవాడ పోతున్నా. రాత్రి అక్కడే పడక. మీరు మీ ఇంజను మీద సుబ్బరంగా పోయిరండి."

పడవ మీద ఒకడు లక్ష్మయ్య పక్కనుంచి జరిగి కూచున్నాడు. యలమంద లాగబోతున్న ఇంజను తాడు వదిలేశాడు.

"ఏమ్మా, శుభమా అని కొత్త పడవ కదుల్తుంటే ఈ రభసేంటి?" అన్నాడు గంగాధరరావు. తర్వాత కోటిరత్నం వైపు చూసి గొంతు మెత్తబరిచాడు. "ఇంట్లో ఆడమనిషి ఒకరుంటే చాలుగా? పెద్దపిల్ల ఎదిగిందిగా. దాన్ని ఉంచి, చిన్నపిల్లల్ని తీసుకెళ్లు."

"అవునవును, రత్నం ఉంటది," అన్నాడు లక్ష్మయ్య పడవ మీంచే, బతికాన్రా దేవుడా అన్నట్టు.

అందరూ కోటిరత్నాన్నే చూశారు. ఆ పిల్ల పైట కొంగు నలుపుతూ, "నేనుంటాలే అమ్మా. మీరెళ్లిరండి," అంది.

అప్పటిదాకా మస్తానమ్మది కోపమే కాదు. అసలు కోపం అప్పుడొచ్చింది.

"నోర్ముయ్! నీ వయసులో నేనూ ఇదే మాటన్నానే. మా అమ్మ అన్నవరం పోతుంటే 'నేనుంటాలే' అన్నా. ఆ ఉండటం ఇవ్వాళ్టికీ తీర్లేదు! తెనాలి స్టేషన్లో గంప దించుకుని బెజవాడ బండ్లు పోతుంటే చూట్టమే గానీ ఒక్కటి ఎక్కిన పాపాన పోలా. ఇప్పుడు నువ్వు మొదలెట్టావా?" మొగుణ్ణి చూసింది. "ఏం మావా, దాన్ని బడికి పంపింది ఇందుకేనా?" పడవ వైపు తిరిగి చెయ్యి చాపింది. "వినండి అందరూ! రేపు రాత్రి నా ఇంట్లో ఆడపురుగు కూడా ఉండదు. ఇంజనుకి అష్టమి లేనప్పుడు నాకూ నా పిల్లకీ గడప లేదు!"

యలమంద లేచి లక్ష్మయ్య మూట తీసి ఒడ్డు మీద పెట్టాడు. "దిగు లక్ష్మయ్యా. నీ తగువు తీరాక చూద్దాం. మాకూ పెళ్లాం బిడ్డలున్నారు."

గంగాధరరావు నోటికొచ్చినట్టు తిట్టాడు. ఇంజను కొన్నాడు గానీ మనుషుల భయాన్ని కొనలేకపోయాడు పాపం. లక్ష్మయ్య మోకాటి లోతు నీళ్లలోకి దిగి, "పరువు తీశావు గదే," అన్నాడు.

"నిన్ను నేను దించలా, వాళ్లు దించారు. పిల్లలకోసం దిగుంటే ఈ ఒడ్డునే నీ కాళ్లు కడిగేదాన్ని," అంది మస్తానమ్మ, కోటిరత్నం రెక్క పట్టుకుని నడుస్తూ.

నాలుగడుగులేసి ఆగింది. పిల్ల ఏడుస్తోంది.

"ఏడ్చింది చాలు. నువ్వుండిపోవే అని ఇంకోసారి ఎవరన్నా అంటే ఏం చెప్తావ్?"

"నేనూ వెళ్తానని చెప్తా."

"ఎవరికి వినబడింది? గట్టిగా!"

"నేనూ వెళ్తా!" అని అరిచింది కోటిరత్నం. రేవులో వలలు బాగుచేసుకుంటున్న ఆడవాళ్లందరూ తలెత్తి చూశారు.